చీరముక్కల మూటలు

నాకు సంతకం వరకే వచ్చు. ఇది నేను చెబుతుంటే మా వీధి బడిలో పనిచేసే పంతులమ్మ రాసిపెడుతోంది. మధ్యమధ్యలో ఆగి, ఇది కూడా రాయమంటారా అని అడుగుతోంది. అన్నీ రాయమ్మా, పేర్లు మాత్రం వద్దు అన్నాను. పేర్లు చెప్పకూడదనే కదా ఇంత జరిగింది.

మాది గురజాల ఊరి చివర, నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలకు వెళ్లే దారిలో ఒక సందు. మా ఆయన రాళ్ల లారీల మీద లోడింగ్ పనికి వెళ్లేవాడు. ఒక రోజు రాళ్లు దించుతుంటే పలక జారి మీద పడింది. పిడుగురాళ్ల ఆసుపత్రి దాకా కూడా ప్రాణం ఆగలేదు. పిల్లలు లేరు. అప్పటి నుంచి మిరపకోతలు, పత్తి తీతలు, నెల మొదట్లో సచివాలయం వాళ్లు ఇంటికి తెచ్చి చేతిలో పెట్టే పింఛను, వీటితోనే నా బతుకు నడుస్తోంది.

ఆయన పోయిన కొత్తల్లో సందులో ఆడవాళ్లు నన్ను చూసి నిట్టూర్చేవాళ్లు, మగాడు లేని ఇల్లయిపోయిందని. ఏడాది తిరిగేసరికి నా ఇంటితో వాళ్లకు అవసరం పడింది. మగాడు లేని ఇంట్లో బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి వెతికేవాళ్లు ఉండరు. చీరల మడతలు దులిపేవాళ్లు ఉండరు.

మొదట వచ్చింది సందు చివర ఉండే బైకు మెకానిక్ భార్య. ముస్లిములు. ఇంట్లో కూర్చుని చీరలకు ఫాల్స్ కుడుతుంది. ఒక మధ్యాహ్నం గుమ్మంలో నిలబడి, దుపట్టా కింద నుంచి నిమ్మకాయంత మూట తీసింది.

"అక్కా, ఇది నీ పెట్టెలో పడేయ్."

"ఏంది ఇది?"

"నా కుట్టుకూలి. మా ఇంట్లో ఉంటే స్పేర్ పార్టుల కింద మారిపోద్ది."

"ఎంతుందో చెప్పు, గుర్తు పెట్టుకుంటా."

"నీకెందుకు లెక్క? గుడ్డ నాది, ముడి నాది. నువ్వు ఇప్పమాక, అంతే."

ఆ మాటే తరువాత అందరికీ కట్టడి అయింది. ఎవరి పాత చీర నుంచి వాళ్లు ఒక ముక్క చించి మూట కట్టి తెచ్చేవాళ్లు. చీటీ మీద పేరు రాస్తే నేను చదవలేను, వాళ్లలో చాలామంది రాయలేరు. గుడ్డయితే చూడగానే తెలుస్తుంది, ఇది ఫలానా ఆమె దసరాకి కట్టిన చీర, ఇది ఫలానా ఆమె దుపట్టా అని. డబ్బు పెట్టాలన్నా తియ్యాలన్నా వాళ్లే వచ్చేవాళ్లు. నా మంచం మీద అటు తిరిగి కూర్చుని విప్పేవాళ్లు, మళ్లీ కట్టేవాళ్లు. అంతసేపూ నేను పొయ్యి దగ్గరకు వెళ్లి గిన్నెలు సర్దుకునేదాన్ని. ఎవరి మూటలో ఎంతుందో నాకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. అలా చేరిచేరి తొమ్మిది మూటలయ్యాయి.

బ్యాంకులో వేసుకోవచ్చు కదా అని చదువుకున్నవాళ్లు అడుగుతారు. అందరికీ అకౌంట్లు ఉన్నాయి. గంటలు గంటలు కూర్చుని వేలిముద్రలు వేసి మరీ తెరిచారు. కానీ అకౌంటుకు ఇచ్చిన ఫోను నంబరు ఇంటాయనది. ఈమె వంద రూపాయలు వేస్తే ఆయన జేబులో టింగుమంటుంది. ఈమె రెండొందలు తీస్తే ఆయన అన్నం తింటూ, ఏందే రెండొందలు, దేనికి అంటాడు. పోనీ కిరాణా కొట్టులో వేలిముద్ర మిషన్ దగ్గరకు పోదామంటే, ఆ కొట్టు పక్కనే టీ బంకు. మిషన్ అబ్బాయి బ్యాలెన్సు గట్టిగా చదువుతాడు, మనకు చెవుడు ఉన్నట్టు. బంకు దగ్గర కూర్చున్న ప్రతివాడూ వింటాడు.

ఇక నా పక్కింటి అమ్మాయి సంగతి చెప్పాలి. ఇదంతా ఆమె కోసమే చెబుతున్నాను.

ఆమె పాలిష్ ఫ్యాక్టరీలో పలకలు ఎత్తే పనికి వెళుతుంది. భర్త టిప్పర్ డ్రైవరు. ఒక కూతురు, రెండో తరగతి. అతన్ని చెడ్డవాడు అనేవాళ్లు మా సందులో ఎవరూ లేరు. తాగడు, పేకాడడు, పెద్దవాళ్లు కనపడితే బీడీ పారేస్తాడు. నన్ను పిన్నమ్మా అని నోరారా పిలుస్తాడు. అయితే ఆమె కూలి డబ్బులు శనివారం సాయంత్రం అతని చేతిలో పెట్టాలి. ఆమె ఏటీఎం కార్డు అతని డ్రైవింగ్ లైసెన్సు కవరులో ఉంటుంది. పాపకు ఐదు రూపాయల బిస్కెట్ పొట్లం కొన్నా అడిగి కొనాలి. లెక్క తేడా వస్తే అరవడు. తలుపు వేస్తాడు. మా రెండిళ్లకు ఒకటే గోడ. చప్పుడు బయటకు రానివ్వని మనిషి కూడా గోడకు తెలుస్తాడు.

ఆమెకు నర్సరావుపేటలో ఒక మేనత్త కూతురు ఉంది. అక్కడ ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆయా పని చూసిపెడతానంది. గదికి అడ్వాన్సు, పాపకు బడి ఖర్చులు, జీతం వచ్చేదాకా రెండు నెలల తిండి, ఇవి చేతిలో ఉంటే జూన్‌లో బడి తెరిచేనాటికి పాపను తీసుకుని వెళ్లిపోవాలని ఆమె ఆలోచన. ఓవర్‌టైం చేసిన రోజు ఆ డబ్బు మాత్రం ఇంట్లో చెప్పకుండా నా దగ్గరకు తెచ్చేది. పసుపు మీద నీలం మామిడిపిందెలున్న చీరముక్క ఆమెది. సందులో ఈ ఆలోచన నాకొక్కదానికే తెలుసు.

"అత్తా, ఎక్కడికి పోయిందని ఎవరన్నా అడిగితే ఏం చెప్తావ్?" అని ఒకసారి అడిగింది.

"నాకేం తెలుసు, నేనేమన్నా దాని మొగుణ్ణా అంటా."

పకపకా నవ్వింది. ఆమె అలా నవ్వడం నేను ఎక్కువసార్లు చూడలేదు.

ఇంతలో ఎలక్షన్లు వచ్చాయి. మా వైపు ఎలక్షన్లంటే అందరికీ తెలిసిందే. ఒక పార్టీవాళ్లు రెండో పార్టీవాళ్ల ఇళ్లు చూపించి, డబ్బులు దాచారని ఫోన్లు చేసేవాళ్లు. జీపులు వచ్చి మంచాలు తిరగేసి వెళ్లేవి. మా వెనక వీధిలో ఒకరింట్లో పాడి గేదెను అమ్మిన డబ్బు దొరికితే, కాగితం ఏదని పట్టుకుపోయారు. ఆ సాయంత్రం ఆడవాళ్లందరూ కూరగాయలు తరుక్కునే వంకతో నా అరుగు మీద చేరారు.

"ఎవరి మూట వాళ్లు పట్టకపోండే. ఎలక్షన్ అయినాక తెద్దురు గాని," అన్నాను.

వాళ్లు వంకాయలు తరుగుతూనే ఉన్నారు.

మెకానిక్ భార్య అన్నది: "పోలీసోళ్లకి దొరికితే కాగితం అడుగుతారు. మా ఆయనకి దొరికితే కాగితం గూడా అడగడు. నర్సరావుపేటలో మీ చెల్లెలింట్లో పెట్టిరారాదా అక్కా."

"ఆడ పోలీసోళ్లుండరా?"

"ఉంటారు. మీ చెల్లెలంటే పడనోళ్లు ఆడ ఎవురున్నారు, ఫోన్ చేసేదానికి?"

మాట బాగానే ఉందనిపించింది. యాభై వేలు దాటి ఉంటే కాగితం చూపించాలని ఊళ్లో మైకులో చెబుతూ తిరిగారు, నేనూ విన్నాను. నా దగ్గర యాభై వేలు ఎక్కడివి అనుకున్నాను. ఒక్కొక్కటి పిడికెడు మూట. ఒక్కదాని లోపలా నేను చూడలేదు. తొమ్మిది పిడికిళ్లు కలిస్తే ఎంతవుతుందో ఆ అరుగు మీద ఒక్కరికీ తట్టలేదు. ఎవరికి వాళ్లకు తమది మాత్రమే తెలుసు, అది చాలా కొంచెం.

చెల్లెలికి ఇద్దామని ఉంచిన ఎండుమిరపకాయల గోతంలో మూటలు సర్దాను. పొద్దున్నే షేరింగ్ ఆటో ఎక్కాను. పిడుగురాళ్లలో బస్సు పట్టుకోవాలి. ఊరు ఇంకా రాకముందే రోడ్డుకు అడ్డంగా డ్రమ్ములు, పక్కన టెంటు, టెంటులో టేబులు, ఒక ఆఫీసరు, ఒక మగ కానిస్టేబులు, ఒక ఆడ కానిస్టేబులు, కెమెరా పట్టుకున్న ఒకతను. ఆటోలో అందరినీ దించారు.

"గోతంలో ఏందమ్మా?"

"ఎండుమిరగాయలయ్యా. మా చెల్లెలికి."

కానిస్టేబులు చెయ్యి లోపలికంటా పెట్టాడు. తుమ్ములు మొదలయ్యాయి. ఒకటి, రెండు, ఆగడం లేదు. ఆటోలోవాళ్లు నవ్వారు. నేను కూడా నవ్వాను. నవ్వుతుండగానే అతని చేతికి మెత్తగా ఏదో తగిలింది. తుమ్ముతూనే ఒక మూట బయటకు తీశాడు. తరువాత గోతం మొత్తం టార్పాలిన్ మీద బోర్లించాడు.

ఆఫీసరు కుర్చీలోంచి లేచాడు. "ఇవేంది?"

"డబ్బులు సారూ."

"ఎంత?"

"తెలవదు."

"ఎవరివి?"

"నాయే."

"నీ డబ్బు ఎంతో నీకు తెలవదా?"

అతను మంచివాడే, కసిరిన మనిషి కాదు. అతని చోట ఎవరున్నా అదే అనుకుంటారు. మిరపకాయల్లో దాచిన తొమ్మిది చిన్న మూటలు, తొమ్మిది రంగుల గుడ్డలు, తెచ్చినదానికి ఎంతుందో తెలియదు.

"ఇంటికొక మూటా? ఏ ఊళ్లో పంచుతున్నావ్? ఎవరిచ్చారు నీకు?" అన్నాడు.

టేబులు మీద ఒక్కో మూటా విప్పారు. గుడ్డలు ఒక పక్కన పరిచారు, నోట్లన్నీ ఒక కుప్ప పోశారు. కెమెరా అతను వంగి దగ్గర నుంచి తీస్తున్నాడు. మడతలు పడిన పది నోట్లు, ఇరవైలు, చెమటకు మెత్తబడ్డ వందలు. ఆ ముడుల లోపల చూడటం నాకూ అదే మొదలు. చూడకూడనిది చూసినట్టు ముఖం తిప్పుకున్నాను. అరవై రెండు వేల నాలుగొందలని తేలింది.

ఆడ కానిస్టేబులు నన్ను టెంటు పక్కకు తీసుకెళ్లింది. చిన్న వయసు. నీళ్ల సీసా ఇచ్చింది.

"పిన్నమ్మా, నిజం చెప్పు. ఇయ్యి ఆడోళ్లు దాచుకున్న డబ్బులేగా? మా అమ్మ గూడా ఇట్టాగే కట్టేది."

నేను తల ఊపాను.

"రెండుసార్లుగా తీసకపోయుంటే ఎవురడిగేవోళ్లు నిన్ను," అని తల కొట్టుకుంది. వెళ్లి ఆఫీసరుతో ఏదో చెప్పింది. అతను మెత్తబడ్డాడు.

"సరేనమ్మా. పేర్లు చెప్పు. ఒక్కొక్కళ్లకీ ఫోన్ చేస్తాం. నాదే అని వాళ్ల నోటితో చెప్తే ఎవరిది వాళ్లకి రాసి వదిలేస్తా. ఒక్కొక్కళ్లది లిమిట్‌లోనే ఉంటది."

"వాళ్లకి ఫోన్లు లేవు సారూ."

"ఇంట్లోవాళ్లకి ఉంటయ్యిగా. ఆ నంబర్లు చెప్పు."

ఇంట్లోవాళ్ల నంబర్లు. నా పెట్టెలోకి ఆ మూటలు వచ్చిందే ఆ నంబర్ల వల్ల. ఆ మాట అతనికి చెబితే అర్థం చేసుకునేవాడేమో. చెప్పాలంటే కెమెరా ముందు, ఆటోలో మా ఊరివాళ్లు వింటుండగా చెప్పాలి.

"నాయే సారూ. చీరలు గూడా నాయే," అన్నాను.

రసీదు ఇచ్చారు. డబ్బు ట్రెజరీకి పోతుందనీ, రుజువులతో నర్సరావుపేట ఆఫీసుకు వచ్చి అడుక్కోవాలనీ చెప్పారు. మిరపకాయలు మాత్రం గోతంలోకి ఎత్తి ఇచ్చారు. ఇక చెల్లెలింటికి ఎందుకని వెనక్కి తిరిగాను.

నేను ఆటో దిగేసరికి నాకన్నా ముందే వీడియో మా సందుకు వచ్చేసింది. మిరపకాయల గోతంలో ఓట్ల డబ్బు పట్టివేత అని ఎవరో పెట్టారట, ఫోను నుంచి ఫోనుకు తిరుగుతోంది. టీ బంకు దగ్గర మగవాళ్లు నన్ను చూసి లేచి నిలబడ్డారు.

"ఏంది పిన్నమ్మా, ఏ పార్టీ?"

"మా ఇంటికి రావాల్సిన మూట గూడా పట్టించావా?"

"ఈసారి కారంలో పెట్టమాక, పసుపులో పెట్టు. శకునం బాగుంటది."

నవ్వుకున్నారు. నేను తల వంచుకుని పోబోతుంటే పక్కింటి అబ్బాయి కనిపించాడు, ఆ టిప్పర్ డ్రైవరు. అతను నవ్వడం లేదు. ఫోనును రెండు వేళ్లతో సాగదీసి పెద్దది చేసి చూస్తున్నాడు.

ఆ సాయంత్రం మా ఇంటికి వచ్చాడు. చెప్పులు బయట విడిచి, నేల మీద మఠం వేసుకుని కూర్చున్నాడు.

"పిన్నమ్మా, దీంట్లో ఈ పసుప్పచ్చ గుడ్డ ఎవురిది?"

"నాదేరా అబ్బాయ్. పాతగుడ్డ."

"పోయిన దసరాకి పిడుగురాళ్లలో నేను కొన్న చీరది. అంచు మీద పిందెలు లెక్కబెట్టి మరీ బేరం చేశా."

"మీ ఆవిడ మసిగుడ్డలకని చించి ఇచ్చిందిలే."

"అట్టాగా," అన్నాడు. ఫోను జేబులో పెట్టుకున్నాడు. "అదీ అదే చెప్పింది."

గోడ అవతల ఆమె గరిట చప్పుడు ఆగిపోయి ఉంది. అతను వెళ్లిన కాసేపటికి మళ్లీ మొదలైంది. మేమిద్దరం ఒకటే అబద్ధం చెప్పాం, ముందుగా అనుకోకుండానే. ఆ రాత్రికి అది ఆమెను కాపాడింది.

మిగతా ఇళ్లల్లో గొడవలు జరిగాయి. మెకానిక్ తన పెళ్లాం దుపట్టాను ఫోన్‌లో గుర్తుపట్టి, రోజంతా అన్నం తినకుండా అలిగాడు. ఆ తరువాత, ఎంతుందో అది చెప్పవే ముందు అన్నాడట. ఒకామె రెండు దెబ్బలు తిన్నది. ఒకామె అత్తగారు వీధిలో నిలబడి తిట్టింది. ఎలాగైతేనేం ఎనిమిదిమందీ బయటపడిపోయారు. ఇక దాచేదేముంది, పేర్లు చెప్పు అక్కా, మేమే వచ్చి వేలు వేస్తాం అన్నారు.

పక్కింటి అమ్మాయి పంపు దగ్గర నన్ను పట్టుకుంది. బిందె నిండి పొర్లిపోతున్నా తియ్యలేదు.

"అత్తా, నాది నీదే అని చెప్పు. నేను ఆడికొచ్చి వేలేస్తే కాగితం ఇంటికొస్తది."

"నీది ఎంతుందే?"

"పద్నాలుగు వేలు."

మిగతావాళ్లంతా తమ తమ లెక్కలు చెప్పారు. ఆమె పద్నాలుగు వేలు కలిపితే అరవై రెండు వేల నాలుగొందలకు రూపాయి తేడా రాలేదు. నర్సరావుపేట ఆఫీసులో లెక్క చూసిన పెద్దాయన రెండుసార్లు కూడి, ఎనిమిదిమంది ఆడవాళ్ల ముఖాలు చూసి, "ఎక్కడా రాసుకోలేదా?" అని అడిగాడు. లేదన్నాం. ఎనిమిదిమంది వేళ్లు వేశారు. పద్నాలుగు వేలు నావని నేను సంతకం పెట్టాను. మిరపకోతల కూలి అని చెప్పాను. డబ్బు చేతికి ఇవ్వరట, ఎవరిది వాళ్ల అకౌంట్లో పడుతుందన్నారు. పాస్‌బుక్కు అడిగితే ఇచ్చాను. ఆ నంబరు చూసి రాసుకున్నారు.

తిరుగు బస్సులో నా మనసు తేలికపడింది. బ్యాంకుకు నేనే వెళ్లి తీసి, వారం వారం కొంచెం కొంచెంగా ఆమెకు చేరుద్దామనుకున్నాను. జూన్‌కు ఇంకా టైముంది.

నా అకౌంటు సంగతి ఇక్కడ చెప్పాలి. మా ఆయన పోయినప్పుడు కార్మికుల పరిహారం వస్తుందంటే తెరిచాం. ఆ పరిహారం రాలేదు, అకౌంటు మాత్రం మిగిలింది. పింఛను ఇంటికే వస్తుంది కాబట్టి దానితో నాకు పని పడలేదు. అది తెరిచిన రోజు నా దగ్గర ఫోను లేదు. బ్యాంకు అమ్మాయి ఏదో ఒక నంబరు ఉండాల్సిందే అంది. నాకు తోడు వచ్చి ఫారం నింపింది పక్కింటి అబ్బాయే. నాది రాసెయ్ పిన్నమ్మా, నేను వేరేనా అన్నాడు. నిజంగా ప్రేమగానే అన్నాడు. అతనికి అప్పుడు ఇంకా పెళ్లి కాలేదు.

ఇన్నేళ్లలో ఆ సంగతి నాకు ఒక్కసారి కూడా గుర్తు రాలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం నేను చింతపండు గింజలు తీసుకుంటుంటే అతను వచ్చాడు. వెనక గుమ్మంలో ఆమె, ఆమె కొంగు పట్టుకుని పాప.

"పిన్నమ్మా, నీ అకౌంట్లో పద్నాలుగు వేలు పడినయ్యి," అని ఫోను నా ముఖం ముందు పెట్టాడు. నాకు చదవడం రాదని అతనికి తెలుసు.

"ఎలక్షన్ డబ్బులు తిరిగిచ్చారు. నాయేలే."

"నీయా? మొన్న మోకాలి మాత్రలకి మా ఇంట్లో మూడొందలు అడిగావుగా."

నేను ఇంకో గింజ తీసి పక్కన వేశాను.

"అన్నీ నీయేనని ఆ వీడియోలో చెప్పావు. ఎనిమిదిమంది ఎవరియి వాళ్లు తీసుకున్నారు. మిగిలింది ఒక్క గుడ్డ. పసుప్పచ్చది." గొంతు ఏమాత్రం పెంచలేదు. "రేపు మిషన్ కాడికి పోదాం. నువ్వు వేలుపెట్టు."

"పెట్టను. నా డబ్బు నీకెందుకియ్యాలి?"

"నీ డబ్బే అనుకో. అంత డబ్బున్నదానికి సర్కారు పింఛను ఎందుకని సచివాలయంలో అడుగుతా. నీ నోటితో నువ్వే సంతకం పెట్టి చెప్పిన కాగితం ఉందిగా ఆడ."

"అడుక్కోరా. పోతే పోనియ్."

అన్నానే గాని, పింఛను లేకపోతే నాకు నెల గడవదు. అయినా ఆ మాట మీదే ఉండేదాన్ని. ఇప్పటికీ అదే అనుకుంటున్నాను. ఇంతలో గుమ్మంలో నుంచి ఆమె గొంతు వినిపించింది.

"ఇచ్చెయ్ అత్తా."

"నువ్వూరుకోవే."

"ఇచ్చెయ్. నేను ఇచ్చినయ్యేగా."

అతను ఆమె వైపు తిరగలేదు. నా వైపే చూస్తూ, దేనికని దాచావే అని ఆమెను అడిగాడు. పాప చెప్పింది. "నర్సరావుపేట బళ్లో ఊయలుందంట నానా," అంది. తల్లి పాపకు ఎప్పుడో చెప్పుకున్న మాట అది. ఆమె పాప నోరు మూయబోయి ఆగిపోయింది. అప్పటికే మాట వచ్చేసింది.

అతను లేచి, చెప్పులు వేసుకుని, వాళ్లింట్లోకి వెళ్లాడు. వెనకే ఆమె వెళ్లింది. తలుపు పడింది. పాప నా అరుగు మీద ఉండిపోయింది. నేను దానికి ఒక్కొక్క చింతగింజా చేతిలో పెడుతూ కూర్చున్నాను, అది అటు చెవి పెట్టకుండా.

మర్నాడు మిషన్ దగ్గర నా వేలు చాలాసేపు పట్టలేదు. మిరపకోతలకు గీతలు అరిగిపోయాయట. మిషన్ అబ్బాయి తడిగుడ్డతో తుడవమన్నాడు. పక్కింటి అబ్బాయే తుడిచాడు, మెల్లగా, చిన్నపిల్లల చెయ్యి తుడిచినట్టు. తరువాత పట్టింది. "పద్నాలుగు వేలు," అని మిషన్ అబ్బాయి గట్టిగా చదివాడు. టీ బంకు దగ్గర ఒకరిద్దరు తల తిప్పి చూశారు.

జూన్‌లో బడులు తెరిచారు. పాప ఇక్కడి బడికే వెళుతోంది. నర్సరావుపేటలో ఆమె కోసం చూసిన గదిలోకి వేరేవాళ్లు వచ్చారట. నా పెట్టె దగ్గరకు ఇప్పుడు ఎవరూ రారు. నేనూ రమ్మని ఎవరినీ అడగలేదు. పింఛను మాత్రం ఇంకా వస్తోంది. ప్రతి నెలా సచివాలయం అమ్మాయి గుమ్మం ఎక్కేదాకా వీధి వైపే చూస్తూ కూర్చుంటాను.

పోయిన నెలలో పంపు దగ్గర ఆమె నాకు ఎదురుపడింది. మోచేతి దాకా రవికె వేసుకుంటోంది ఈమధ్య, ఇంత ఎండల్లో కూడా. చుట్టూ ఎవరూ లేరు. గొంతు తగ్గించి అడిగాను.

"ఓవర్‌టైం చేస్తన్నావా?"

"చేస్తన్నా."

"మళ్లీ మొదలుపెట్టవే. ఈసారి నా కాడ వద్దు. ఈమధ్య మా చెల్లెలు వారానికోసారి వస్తంది, దాని చేతికిద్దువు గాని."

ఆమె తల మీద చుట్టకుదురు సర్దుకుంది.

"ఫ్యాక్టరీలో ఇప్పుడు కూలి చేతికియ్యటంలా అత్తా. మొత్తం అకౌంట్లోనే వేస్తన్నారు. చేతికిస్తే మేం లెక్క చెప్పుకోవాల, సర్కారు అడుగుతందంటన్నాడు ఓనరు." కొంగు నడుముకు దోపుకుంది. "ఓవర్‌టైం గూడా దాంట్లోనే పడతంది. నేను ఫ్యాక్టరీ గేటు దాటకముందే ఆయనకి తెలిసిపోద్ది."

బిందె ఎత్తి ఆమె తల మీద పెట్టాను. నీళ్లు తొణకకుండా మెడ నిటారుగా పెట్టుకుని, ఆమె ఇంటి వైపు నడిచింది.